బాబాసాహెబ్ మూసేసిన కంపెనీ (మన పని – మన చరిత్ర: 7వ భాగం)



ఈ వారం కౌలు రైతుల గురించి రాస్తానని పోయిన భాగం చివర చెప్పాను. అది వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. మధ్యలో ఇన్‌బాక్స్‌కి ఒక మెసేజ్ వచ్చింది. దానికి రెండు లైన్లలో జవాబు రాయడం నా వల్ల కాలేదు. కాస్త పెద్దదే అయింది, తీరిక చూసుకుని చదవండి.

రాసింది రాజోలు వైపు ఒక పేటలో ఉండే చెల్లెలు. ఆమెను అడిగి, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి చెబుతున్నాను. బీకాం చదివింది. ట్యాలీ నేర్చుకుంది. ఇంటి వరండాలో పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని నాలుగు షాపులకు లెక్కలు రాసిపెడుతోంది, జీఎస్టీ రిటర్నులు వేసిపెడుతోంది. బిల్లులు వాట్సాప్‌లో వస్తాయి, డబ్బులు ఫోన్‌లో పడతాయి. రెండేళ్లు బాగానే నడిచింది.

ఒకరోజు ఒక షాపాయన పాత బిల్లుల కట్ట తనే తెచ్చిస్తానని బయల్దేరి, ఇల్లెక్కడని ఫోన్ చేశాడు. చర్చి దాటాక కుళాయి పక్క వీధి అని చెప్పింది. అవతల కాసేపు మాట లేదు. "సరేలేమ్మా, రేపు కుర్రాడితో పంపిస్తాను" అన్నాడు. కట్ట రాలేదు. వారం తర్వాత "మా బావమరిది కొడుకు ఖాళీగానే ఉన్నాడు, ఇకనుంచి వాడు చూసుకుంటాడు" అని మెసేజ్ వచ్చింది. ఆయన ద్వారా వచ్చిన ఇంకో షాపు కూడా ఆ నెల్లోనే పోయింది. మూడో షాపువాళ్లు ఐదు నెలలుగా డబ్బులివ్వలేదు. అడిగితే "ఎక్కడికి పోతామమ్మా" అంటున్నారు. మిగిలింది ఒక్క షాపు.

ఆమె అడిగింది ఇదీ. "అన్నయ్యా, నా పనిలోనే ఏదైనా తప్పుందా? ఆడిటర్ గారి ఆఫీసులో నెల జీతానికి చేరిపోమంటున్నారు నాన్న. నీకెందుకమ్మా సొంత పని, మనకు అచ్చిరాదు అంటున్నారు. నిజంగా మనకు అచ్చిరాదా?"

చెల్లీ, నీ ప్రశ్నకు జవాబు వెతికితే నూరేళ్ల వెనక్కి, బొంబాయిలో మూతపడిన ఒక చిన్న కంపెనీ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. అది నడిపిన మనిషి పేరే ఇప్పుడు మన జిల్లా పేరు.

బొంబాయి, 1918

బాబాసాహెబ్ అనగానే మనకు రాజ్యాంగం, నీలం కోటు, ఎత్తిన చూపుడు వేలు గుర్తొస్తాయి. 26, 27 ఏళ్ల వయసులో చేతిలో పెద్ద చదువు, ఇంట్లో ఖాళీ డబ్బా పెట్టుకుని పని కోసం తిరిగిన అంబేడ్కర్ మనకు అంతగా తెలీదు.

బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో 1913లో న్యూయార్క్ వెళ్లాడు. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివి, 1916లో లండన్ చేరాడు. స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో చదువు సగంలో ఆపి 1917లో తిరిగొచ్చాడు. చదువు పూర్తయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం. వెళ్లాడు. ఆఫీసులో నౌకర్లు ఫైళ్లు చేతికివ్వకుండా బల్ల మీదకి విసిరేవాళ్లు. ఊళ్లో ఇల్లు దొరక్క పార్సీల సత్రంలో పేరు మార్చుకుని దిగితే, కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి ఖాళీ చేయించింది. తిరిగి బొంబాయి రైలెక్కాడు.

జీతం ఉద్యోగం అలా పోయింది. అప్పుడాయన చేసింది ఇవాళ మన పిల్లలు చేస్తున్నదే. ఇద్దరు విద్యార్థులకు ఇంటి ట్యూషన్ చెప్పాడు. ఆ తర్వాత షేర్లు, స్టాకుల వ్యాపారం చేసేవాళ్లకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టాడు. ఇప్పటి మాటలో చెప్పాలంటే కన్సల్టెన్సీ. చదివింది ఆర్థికశాస్త్రం, ఉన్నది పెద్ద షేర్ మార్కెట్ ఉన్న ఊళ్లో. ఆ పనికి ఆయన్ని మించిన అర్హత ఉన్నవాళ్లు ఆ ఊళ్లో ఎంతమంది ఉండి ఉంటారు?

మొదట్లో జనం వచ్చారు. సలహా ఇచ్చే మనిషి అంటరానివాడని తెలిశాక రావడం మానేశారు. కంపెనీ మూసేయాల్సి వచ్చింది. జీవిత చరిత్ర రాసిన ధనంజయ్ కీర్ ఈ సంగతిని నాలుగు మాటల్లో దాటేస్తాడు. మనం మాత్రం అక్కడ కాసేపు ఆగాలి.

ఆ సలహాలు తప్పని ఎవరూ అనలేదు. ఎవరో నష్టపోయారన్న ఫిర్యాదు లేదు. సరుకు బాగుంది, ధర బాగుంది, అమ్మేవాడి కులం తెలిసింది, అంతే. బిల్లుల కట్ట పంపకుండా ఆగిపోయిన నీ షాపాయన కథ ఇదే కదా చెల్లీ. కాబట్టి నీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. నీ పనిలో తప్పు లేదు.

ఆ సంస్థ మూతపడ్డాక 1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగం దొరికింది. లండన్‌లో ఉన్నప్పుడు పరిచయమైన బొంబాయి మాజీ గవర్నర్ లార్డ్ సిడెన్‌హామ్ ఆ ఉద్యోగానికి సాయపడ్డాడని కీర్ రాస్తాడు. చూడండి, అంత చదువున్న మనిషికి కూడా తలుపు తెరిచింది పరిచయమే. ఆ కాలేజీలో ప్రొఫెసర్ల మంచినీళ్ల కుండ ముట్టుకోవద్దన్న తోటి ప్రొఫెసర్లూ ఉన్నారు. అక్కడ జీతం మాత్రం ఆగలేదు. క్లయింటు మొహం చాటేస్తే కన్సల్టెంటు పస్తుండాలి. తోటి ప్రొఫెసర్ మొహం చాటేసినా ఒకటో తారీఖు వస్తుంది. ఈ తేడా మనవాళ్లకు తెలుసు. మీ నాన్న "జీతంలో చేరిపో" అన్నది పిరికితనంతో కాదు, అనుభవంతో.

పాలేరుకి సొంత పని అంటే ఏంటి?

ఆ అనుభవం ఎక్కడిదో చూద్దాం. ఫ్రీలాన్స్ అన్న మాట 19వ శతాబ్దం మొదట్లో వాల్టర్ స్కాట్ రాసిన ఒక ఇంగ్లీషు నవలలో కనిపిస్తుంది. లాన్స్ అంటే ఈటె. ఏ రాజుకూ కట్టుబడకుండా, డబ్బులిచ్చినవాడి తరఫున యుద్ధం చేసే యోధుడు ఫ్రీలాన్సర్. ఆ మాటలో ఒక షరతు దాగి ఉంది. ఈటె అతనిదే, గుర్రం అతనిదే. సొంత గుర్రం లేనివాడు ఫ్రీలాన్సర్ కాలేడు.

మన తాతలకు గుర్రం సంగతి అటుంచండి, నిలబడ్డ నేల కూడా సొంతం కాదు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. గౌతమికీ వశిష్ఠకీ నడుమ ఉన్న ఈ లంకలు వరి, కొబ్బరి పండే బంగారు భూములయ్యాయి. కాటన్ దొరకు మనవాళ్లూ దండాలు పెడతారు, పెట్టొద్దనను. నీళ్లు మాత్రం భూమి ఉన్నవాడి చేలోకే పారాయి. కాలవలు తవ్విన చేతుల్లోకి భూమి రాలేదు. ఆ చేతులు పాలేరుతనానికి కుదిరాయి.

పాలేరుతనం అంటే కుర్రవాళ్లకు తెలీదు కాబట్టి చెబుతున్నా. ఒక రైతు దగ్గర ఏడాదికి కుదురుతారు. కూలి ఎక్కువ భాగం గింజల్లో, ముందుగా కొంత అప్పు. పెళ్లికో చావుకో ఇంకొంత అప్పు. ఏడాది చివర లెక్క చూస్తే ఎప్పుడూ మనమే బాకీ. బాకీ తీరేదాకా ఇంకోచోటికి కదలడానికి లేదు.

ఇది ఒట్టి ఊరి కట్టుబాటు అనుకోకండి. 1859లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అడ్వాన్సు తీసుకుని పని చెయ్యని పనివాణ్ని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవచ్చు. పని చెయ్యమనో డబ్బు కట్టమనో ఆయన ఆర్డరు వేస్తాడు. వినకపోతే 3 నెలల దాకా జైలు. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల కోసమని మొదలుపెట్టి, మిగతా చోట్లకూ విస్తరించుకునే వీలు పెట్టారు. 1925లో ఆ చట్టం రద్దుకు నిర్ణయం జరిగే దాకా, 60 ఏళ్లకు పైగా అది బతికింది. అప్పు కింద మనిషిని కట్టేసే వెట్టిని పూర్తిగా నిషేధించే చట్టం రావడానికి 1976 దాకా ఆగాల్సి వచ్చింది.

ఒక్క నిమిషం ఆగి దీన్ని తిరగేసి చూడండి. డబ్బు తీసుకుని పని చెయ్యనివాడికి జైలు. మరి పని చేయించుకుని డబ్బివ్వనివాడికి? అప్పుడూ జైలు లేదు, ఇప్పుడూ లేదు. "సివిల్ కోర్టుకెళ్లు" అంటారు. ఐదు నెలల బాకీ పెట్టిన షాపాయన అంత ధీమాగా "ఎక్కడికి పోతాం" అనడం వెనక ఇంత చరిత్ర ఉంది. ఎక్కడికీ పోనక్కర్లేదు ఆయన. పోవాల్సింది ఎప్పుడూ మనమే.

పాలేరుతనం సడలాక వచ్చింది రోజు కూలి, గుత్త పని, లెక్క పని. చెట్టుకింత అని కొబ్బరి దింపు, వెయ్యి కాయలకింత అని ఒలుపు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ అంతా నిలబడింది ఈ లెక్క పని మీదే. కత్తి తనదే, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు తనదే, వాన పడ్డ రోజు పస్తు తనదే. ఎవరి కిందా లేడు, నిజమే. ఎవరి బాధ్యతా కాదు, అదీ నిజమే. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఫ్రీలాన్సర్ కొత్తగా పుట్టిన జాతేం కాదు. కొబ్బరి రాశి ముందు కూర్చున్న మన పెదనాన్న, గంపెత్తుకున్న మన పిన్ని ఎప్పటినుంచో ఫ్రీలాన్సర్లే.

అందుకే మన పెద్దల కల వేరేలా ఉండేది. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారు 'పాలేరు' నాటకం రాశారు. అందులో పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద ఉద్యోగి అవుతాడు. ఎందరో తల్లిదండ్రులు తమ పిల్లల్ని ఆ కుర్రాడిలో చూసుకున్నారు. సర్కారు ఉద్యోగం అంటే జీతం, పింఛను మాత్రమే అనుకోకండి. యజమాని ఇష్టాయిష్టాల నుంచి బయటపడే దారి అది. ఆ దారిలో మనకొక హక్కు కూడా ఉంది. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడే, 1943లో, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం రిజర్వేషన్ వచ్చింది. కన్సల్టెన్సీ మూసేసుకున్న మనిషికి బహిరంగ మార్కెట్ ఎలా ఉంటుందో ఒకరు చెప్పక్కర్లేదు కదా.

సొంత పనికి కావలసిన రెండు పెట్టుబడులు

ఇప్పుడు సర్కారు ఉద్యోగాలు తగ్గాయి. చదువుకున్న పిల్లలు పెరిగారు. కరోనా తర్వాత ఇంటి నుంచి పని అలవాటైంది. వీడియో ఎడిటింగ్, అనువాదం, డిజైన్, లెక్కలు, కోడింగ్... ఏ పేటకెళ్లినా ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. "స్కిల్ ఉంటే చాలు, కులం ఎవడడుగుతాడు" అని మోటివేషన్ క్లాసుల్లో చెబుతారు. స్కిల్ కావాలి, కాదనను. కానీ ఈ పని నిలబడేది ఇంకో రెండిటి మీద. ఆ రెండూ క్లాసుల్లో దొరకవు.

మొదటిది పరిచయం. సొంత పనిలో క్లయింటు నుంచి క్లయింటు వస్తాడు. "మావాడే, బాగా చేస్తాడు" అన్న ఒక్క మాట లక్ష రూపాయల ప్రకటనతో సమానం. ఆ "మావాడు" అన్న మాటలోనే అంతా ఉంది. రోటరీ క్లబ్బులో, కల్యాణ మంటపంలో, రైసు మిల్లు అరుగు మీద తిరిగే మాట అది. మన పేట దాకా ఎప్పుడోగానీ రాదు. జాతకం చూసినట్టు ఇంటిపేరు అడిగి, ఊరడిగి, "ఏ వైపు?" అనడిగి తేల్చుకుంటారు.

పేరు చూసే కులం పోల్చుకోవడం గురించి నేను ఊహించి చెప్పడం లేదు. సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. పేపర్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో దరఖాస్తులు పంపారు, పేర్లు మాత్రం మార్చారు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే ఉందని తేలింది. అవి కంపెనీల ఉద్యోగాలు, పేపర్లో బహిరంగంగా పడ్డవి. ప్రకటనే లేకుండా నోటిమాటగా చేతులు మారే ఫ్రీలాన్స్ పనిలో ఎంత ఉంటుందో మీరే లెక్కేసుకోండి. అక్కడ రోస్టర్ లేదు, ఇంటర్వ్యూ బోర్డు లేదు, ఎందుకు తీసేశారని అడగడానికి కమిషన్ లేదు.

రెండోది ఆగే శక్తి. డబ్బులు మూడు నెలలు ఆలస్యమైనా తట్టుకోవడం, తక్కువ రేటు చెప్పినవాడిని పొమ్మనగలగడం. ఇది ధైర్యం వల్ల రాదు, వెనక ఉన్నదాన్ని బట్టి వస్తుంది. 2011 ఖరీఫ్‌లో మన కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదన్న వాళ్ల బాధ అబద్ధం కాదు. దేశమంతా వార్త అయింది. ఒక పంట ఆపి నిరసన చెప్పగలగడానికి మాత్రం చేతిలో భూమో, ఇంకో ఆదాయమో ఉండాలి. ఆ చేలల్లో ఊడ్చే ఆడకూలీలు ఏ విరామం ప్రకటించగలరు? రెండెకరాల కొబ్బరి తోట ఉన్న ఇంటి కుర్రాడు ఫ్రీలాన్సింగ్‌లో ఆర్నెల్లు క్లయింటు లేకపోతే "కెరీర్ బ్రేక్" అంటాడు. మన ఇంటి పిల్లకు అదే ఆర్నెల్లు డ్వాక్రా వాయిదా, అమ్మ మందులు. అందుకే మనం తక్కువ రేటుకు ఒప్పుకుంటాం, శాంపిల్ అని ఉచితంగా చేసిపెడతాం, అడ్వాన్సు అడగడానికి నోరు రాదు. ఆ తర్వాత మనల్నే "చవకరకం" అంటారు.

ఇంకో చిన్న ముచ్చట. గుర్రం జాషువా గారు కుర్రతనంలో, 1915 ప్రాంతంలో, రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ, మాటలు చదివి వినిపించే పని చేశారు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి గొంతుతో కథ నడపడం. తర్వాత కాలంలో టాకీలు వచ్చాయి, ఆ పనే లేకుండా పోయింది. అనువాదం చేసే తమ్ముళ్లు ఇప్పుడు ఏఐని చూసి భయపడుతున్నారు. ఆ భయం కొత్తది కాదు. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ మొదట తెగేది జీతం లేని తాడే.

2022 మే 24 తర్వాత

ఈ రెండు పెట్టుబడులూ ఒకేసారి తేలిపోయిన రోజులు మనందరికీ గుర్తున్నాయి.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే నెలలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెడుతూ ప్రభుత్వం ప్రకటన ఇచ్చింది. మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికి నిప్పుపెట్టారు. దాని రాజకీయం మీద చాలా రాశాం, మళ్లీ రాస్తాం. ఇవాళ పని సంగతే చూద్దాం.

ఆ వెంటనే జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి రాలేదు. ఇళ్ల నుంచి పనిచేసుకునే పిల్లలు ల్యాప్‌టాపులు సంచిలో వేసుకుని సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ వెళ్లారు. కంపెనీలో ఉద్యోగం ఉన్నవాడికి మేనేజరు సెలవు రాసుకోమన్నాడు, లేదా సర్దుకున్నాడు. ఫ్రీలాన్సర్‌కి సెలవన్నదే లేదు. గడువు దాటితే పని పోతుంది, ఆన్‌లైన్లో రేటింగ్ పడిపోతుంది, ఆ క్లయింటు మళ్లీ రాడు. బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న క్లయింటుకి "మా జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టారని ఊరు కాల్చారు, అందుకే మీ ఫైలు ఆలస్యమైంది" అని ఎలా రాస్తాం?

రాజమండ్రిలోనో హైదరాబాద్‌లోనో చుట్టాల ఫ్లాట్ ఉన్నవాళ్లు అక్కడికి వెళ్లి పని చేసుకున్నారు. లేనివాళ్లు పేటలోనే కూర్చున్నారు, ఫోన్ పనిచెయ్యదు, బయటకెళ్లాలంటే భయం. బాబాసాహెబ్ పేరు మనకు గౌరవం తెచ్చింది. ఆ గౌరవానికి మూల్యం కట్టినవాళ్లలో వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకున్న మన పిల్లలు కూడా ఉన్నారు. ఎవరూ ఆ నష్టం లెక్క రాయలేదు కాబట్టి నేనిక్కడ రాస్తున్నాను.

మరి ఆయన మళ్లీ ఎలా నిలబడ్డాడు?

ఇక అసలు సంగతి. కన్సల్టెన్సీ మూతపడ్డాక బాబాసాహెబ్ సొంత పనిని వదిలెయ్యలేదు. 1920లో ప్రొఫెసర్ ఉద్యోగం వదిలి, దాచుకున్న జీతం, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, పార్సీ మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పుతో లండన్ వెళ్లి చదువు పూర్తి చేశాడు. ఆ మూడేళ్లూ ఇల్లు నెట్టుకొచ్చింది రమాబాయి. ఏ ఫ్రీలాన్సర్ కథలోనైనా ఇంట్లో ఒక ఆడమనిషి పస్తులు లెక్కలో లేకుండా పోతాయి. మన కథలోనైనా వాటిని రాసుకుందాం.

1923లో బొంబాయి హైకోర్టులో బారిస్టరుగా నమోదయ్యాడు. అక్కడా అదే గోడ. ఒరిజినల్ సైడులో కక్షిదారు నేరుగా బారిస్టరు దగ్గరికి రాకూడదు, మధ్యలో సొలిసిటరు కేసు తేవాలి. అంటరాని బారిస్టరుకి కేసు తెచ్చే సొలిసిటరు లేడు. మళ్లీ పరిచయం, మళ్లీ మధ్యవర్తి.

ఈసారి ఆయన మూడు పనులు చేశాడు.

ఒకటి, ఒక కాలు గట్టి నేల మీద పెట్టాడు. 1925 నుంచి 1928 దాకా బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో పార్ట్‌టైముగా వాణిజ్య చట్టం చెప్పాడు, ఆ తర్వాత ప్రభుత్వ లా కాలేజీలో. నెలకు తెలిసిన డబ్బు కొంత వస్తుంటే, మిగతా సమయంలో తల వంచకుండా ప్రాక్టీసు చేసుకోవచ్చు.

రెండు, తలుపు తెరవనివాళ్ల ముందు నిలబడి ఉండలేదు. సొలిసిటర్లతో పనిలేని అప్పీళ్ల వైపు, జిల్లా కోర్టుల వైపు వెళ్లాడు. పరేల్ కార్మికవాడలో ఆఫీసు పెట్టాడు. కూలీలు, పేదలు నేరుగా వచ్చారు. 1926లో పూనాలో 'దేశాచే దుష్మన్' అనే పుస్తకం మీద పరువునష్టం కేసు పడితే, బ్రాహ్మణేతర ఉద్యమ నాయకుల తరఫున వాదించి గెలిచాడు. ఆ పేరుతో ఇంకా కేసులొచ్చాయి. అంటే ఆయన క్లయింట్లను ఇచ్చింది ఉద్యమం.

మూడు, ఒక్కడే బాగుపడి ఆగలేదు. 1924లో బహిష్కృత హితకారిణీ సభ, 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ. లేబర్ మెంబరుగా తెచ్చిన సవరణతో 1946లో ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పని చట్టమైంది. తన ఒక్కడి గోడ దూకడంతో సరిపెట్టుకోకుండా, గోడనే కూల్చే పని పెట్టుకున్నాడు.

మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు ఆయుర్వేద వైద్యుడు. వైద్యం చేసుకుంటూనే కవిత్వం రాశారు, 'జయభేరి' పత్రిక నడిపారు. సొంత వృత్తి ఉన్నవాడి కలాన్ని ఏ యజమానీ ఆపలేడు. అందుకే సొంత పని వదులుకోవద్దంటాను. సంపాదనతోపాటు అది మన గొంతుకి కాపలా.

చట్టం ఇప్పుడు ఎంత తోడుంది?

ముక్తసరిగా చెబుతాను, పనికొస్తుంది.

ఉద్యోగికి పీఎఫ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ ఉన్నాయి. ఫ్రీలాన్సర్‌కి లేవు. 2020లో చేసి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన సామాజిక భద్రతా స్మృతి గిగ్, ప్లాట్‌ఫారం కార్మికులను మొదటిసారి గుర్తించింది. యాప్ కంపెనీలు తమ వ్యాపారంలో 1 నుంచి 2 శాతం వాళ్ల భద్రతా నిధికి ఇవ్వాలంది. నాలుగు షాపులకు నేరుగా లెక్కలు రాసే మన చెల్లెలికి ఏ యాప్ కంపెనీ ఉంది? ఆ నిధి ఆమె దాకా రాదు. అసంఘటిత కార్మికురాలిగా ఈ-శ్రమ్‌లో పేరు రాయించుకోవడం ఒక్కటే మిగులుతుంది. అది ఉచితం, రాయించుకోండి.

బాకీల విషయంలో మాత్రం మనకు తెలియని ఒక ఆయుధం ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం. సేవలు చేసే ఒంటరి మనిషి కూడా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, దానికి ఫీజు లేదు. అప్పుడు నీ బిల్లు మాట రాసుకున్న గడువులో, ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజుల్లో కట్టాలి. రాతకోతలు లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు చెయ్యొచ్చు. ఇది 1859 చట్టంలాగా ఎవర్నీ జైల్లో పెట్టదు. అయినా "ఎక్కడికి పోతాం" అన్నవాడికి సెక్షన్ పేరుతో ఒక నోటీసు వెళ్తే, ఆ గొంతు కాస్త మారుతుంది. పని మొదలుపెట్టే ముందే రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ముందే రేటు, గడువు మెసేజ్‌లోనైనా రాయించుకోండి.

చెల్లెలికి నా జవాబు

మీ నాన్న చెప్పింది వినమ్మా. సగం వరకే విను.

ఆడిటర్ గారి దగ్గర చేరు, కుదిరితే సగం రోజుకి. కుదరకపోతే ఏడాదికి. బాబాసాహెబ్ కూడా అకౌంటెన్సీ సంస్థలో పాఠాలు చెప్పాడని గుర్తుపెట్టుకో. జీతంలో చేరడం ఓటమి కాదు. ల్యాప్‌టాప్ మాత్రం మూసెయ్యకు. మిగిలిన ఒక్క షాపు పని సాయంత్రాలు చెయ్యి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించు. ఇప్పటికే చేసిన పనికి అది ఎంతవరకు వర్తిస్తుందో తెలిసిన లాయరుని అడుగుదాం. ముందు ఐదు నెలల బాకీకి తేదీలతో ఒక బిల్లు తయారుచెయ్యి. నోటీసు నేను రాసిపెడతాను.

మిగతా మాట మనందరికీ. మన మాల, మాదిగ పేటల్లో టీచర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, డాక్టర్లున్నారు, కువైట్ నుంచి డబ్బు పంపే అక్కలున్నారు, పాస్టర్లున్నారు, చిన్న షాపులున్నాయి. ఏప్రిల్ 14న లక్షల రూపాయల ఫ్లెక్సీలు వేస్తాం. ఆ ఫ్లెక్సీ డిజైన్ ఎవరితో చేయించాం? మన సంఘాల లెక్కలు ఎవరు రాస్తున్నారు? మన పెళ్లి వీడియో ఎవరు తీశారు? పని చేయించుకుని డబ్బు వెంటనే ఇచ్చామా, లేక "మనోడివే కదా, తర్వాత చూద్దాం" అన్నామా? షాపాయన బాకీ పెడితే దోపిడీ అంటాం, మన సంఘం బాకీ పెడితే ఉద్యమం అంటామా? ఈ ప్రశ్న మొదట నాకు నేనే వేసుకున్నాను. నా పాత కరపత్రాలు డిజైన్ చేసిన తమ్ముడికి మూడు వేలు బాకీ ఉన్నట్టు గుర్తొచ్చింది. నిన్న రాత్రే పంపాను.

"మావాడే, బాగా చేస్తాడు" అన్న మాట వాళ్ల అరుగుల మీద వందేళ్లుగా తిరుగుతోంది. మన అరుగుల మీద కూడా తిరగనివ్వండి. రాజోలు, అమలాపురం, కొత్తపేట వైపు సొంత పని చేసుకునే మన పిల్లలుంటే పేరు, పని, రేటు నాకు మెసేజ్ చెయ్యండి. ఒక జాబితా చేద్దాం. రేటు కింద ఎవరూ పడకుండా మాట్లాడుకుందాం. ఒలుపు కూలీలు వెయ్యి కాయల రేటు కోసం కలిసి కూర్చుంటారు కదా, అలాగే.

మనకు అచ్చిరాదా అని అడిగావు చెల్లీ. ఒంటరిగా చేసినప్పుడు బాబాసాహెబ్‌కే అచ్చిరాలేదు. జనంతో చేసినప్పుడు అచ్చొచ్చింది.

వచ్చే వారం కౌలు రైతులు. ఈసారి వాయిదా ఉండదు.

జైభీమ్.